నల్లబీరు రుచి

బీరు అనగానే పసుపుపచ్చని ద్రవమూ దానిపై తెల్లని నురుగూ మన మనస్సులో మెదులుతాయి. నేను ఇక్కడ ప్రస్తావించబోయే బీరు నల్లనిది. నేలమాళిగలో దీపం క్రింద చూచినప్పుడు అది చిక్కని కాఫీ డికాక్షను వలె కనబడినది. మెట్లెక్కి వాకిటి వెలుతురుకు ఎత్తిపట్టగా, గ్లాసు అడుగున మాత్రం దానిమ్మగింజ ఎరుపు తొంగిచూచినది. ఈ గ్లాసు గత మే నెలలో, జర్మనీ దేశాన బాంబెర్గ్ పట్టణానికి అరగంట బస్సు ప్రయాణంలో ఉన్న ఒక పల్లెటూరి బ్రూవరీలో నా చేతికి వచ్చినది. ఇచ్చినది మా అమ్మాయి. అందులో ఉన్న బీరు వండినదీ ఆమెయే. అంతకు 30 ఏళ్ళకు పైబడి నేను మద్యం ముట్టినవాణ్ణి కాను.

మా అమ్మాయి ఇక్కడ ఆహార సాంకేతిక విద్య చదివి, ఆపైన మ్యూనిక్ నగరానికి ఉత్తరాన ఉన్న ఫ్రైజింగ్ పట్టణంలో, వైహెన్‌స్టెఫాన్ గుట్టమీది విద్యాలయంలో చేరినది. ఆ గుట్టమీద పూర్వం క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది. 1040వ సంవత్సరం నుండి అక్కడ బీరు కాస్తున్నారని చెప్పుకొంటారు. ఏమి చదువుతున్నది అని బంధువులు అడిగినప్పుడల్లా నేను “ధాన్యాలమీద పరిశోధన” అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. బార్లీ ధాన్యమే గదా! తరగతి గదిలో విద్యార్థులకు అర్థసత్యాలను గురించి పాఠం చెప్పే నేను, పెండ్లిళ్ళలోనూ పేరంటాలలోనూ రెండు సంవత్సరాలపాటు ఈ ధాన్యం మాటున దాగినాను. ఉద్యోగం వచ్చిన తరువాత దాగడానికి చోటు లేకపోయినది. ఆమె చేరిన సంస్థలో యజమాని అయిన వృద్ధుడు, ఆయన కుమారుడు, మరి ఇద్దరు పనివారు, మా అమ్మాయి. అంతే. పేరు చివర ‘బ్రాయ్’ అని ఉంటుంది. బీరు కాచు చోటు అని అర్థం. దానిని ఏ ధాన్యం క్రిందా కప్పలేము.

నేను ఎందుకు ముట్టనివాణ్ణో చెప్పవలె. మాది నెల్లూరు జిల్లాలో మెట్టప్రాంతం. నేను ఎం.ఏ. ముగించి ఉద్యోగానికి ఎదురుచూస్తున్న 1991–92 కాలంలో జిల్లా అంతటా అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్నది. రాత్రి బడులలో చదువు చెప్పడానికి వెళ్ళిన యువకులలో నేనొకణ్ణి. నా బడి మా మేనత్తగారి ఊరిలో. సారా ఆ రోజులలో పాలప్యాకెట్ల వలె ప్యాకెట్లలో వచ్చేది. ప్రభుత్వమే సరఫరా చేయించేది. ఆ పథకానికి ‘వారుణి వాహిని’ అని పేరు. పాలసముద్రంలో పుట్టిన దేవత పేరును సారా ప్యాకెట్టుకు పెట్టిన అధికారి ఎవరో గాని, ఆయనకు పురాణజ్ఞానం బాగా ఉన్నదనుకొంటాను. మా మామయ్య మొదట పాడిగేదెను అమ్మినాడు, తరువాత దూడను, ఆ తరువాత ఇంట్లో అమ్మడానికి ఏమీ లేక అత్త చేతిమీద ఉన్న రెండు గాజులను, ఆమె నిద్రపోతున్నప్పుడు తీయబోయినాడు. ఆమె లేచినది. ఆ రాత్రి తగిలిన దెబ్బకు ఎడమచెవి వినబడకుండా పోయినది.

అక్షరాలు నేర్చుకొన్న మా అత్త, ఎవరూ చెప్పకుండా తనంతట తాను పలకమీద వ్రాసిన మొదటి మాట ‘సారా’. రెండే అక్షరాలు గదా, సులువు. వ్రాసి, అరచేతితో తుడిచి, “నువ్వు దీన్ని ముట్టనని చెప్పబ్బయ్యా” అన్నది. చెప్పినాను. దూబగుంటలో రోశమ్మగారు మొదలైన స్త్రీలు సారా దుకాణాన్ని మూయించిన వార్త అప్పటికే ఊరూరా ప్రాకుతున్నది. మా అత్త ఊళ్ళోనూ ప్యాకెట్ల జీపును ఆడవారు రెండుసార్లు వెనుకకు పంపినారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది, 1997లో పోయినది. నేను చెప్పిన మాట మాత్రం చట్టంతో రాలేదు, చట్టంతో పోలేదు. మా అత్త ఆరేళ్ళ క్రితం కాలం చేసినది.

ఇక బాంబెర్గ్. రెగ్నిట్స్ నది పాయల మధ్య, ఏడు గుట్టలమీద కట్టిన పాతపట్నం అది. నడియేట వంతెనమీద నిలిచిన పురభవనం చూడదగినది. 1993లో యునెస్కో వారు పాతపట్నాన్నంతటినీ ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినారు. తత్త్వవేత్త హెగెల్ 1807లో ఇక్కడికి వచ్చి ఒక వార్తాపత్రికకు సంపాదకుడుగా పనిచేసినాడు. ఆయన మరుసటి సంవత్సరం ఊరు విడిచి వెళ్ళగా, కథకుడు హోఫ్‌మన్ వచ్చి 1813 వరకు నాటకశాలలో సంగీతం నడిపినాడు. అధ్యాపకుణ్ణి కాబట్టి నేను వారి ఇండ్ల కొరకు వెదకినాను. మా ఆవిడ మాత్రం స్టేషన్ దగ్గరి ఎర్ర ఇటుకల కట్టడం ముందు నిలబడి, “పేలాలు వేయించే వాసన వస్తున్నది” అన్నది. ఆమెదే నిజం. అది వైయర్‌మన్ వారి మాల్ట్ కర్మాగారం. 1879 నుండి అక్కడ బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, వేయించి, దేశదేశాలకు పంపుతున్నారు. మా అమ్మాయి వాడే నల్లమాల్ట్ కూడా అక్కడిదే.

మాల్ట్ అంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. వేసవిలో తోపుడుబండ్లమీద ‘రాగి మాల్ట్’ అని వ్రాసి అమ్ముతారే, ఆ మాల్టూ ఈ మాల్టూ ఒకటే. గింజ మొలకెత్తునప్పుడు తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకొనే శక్తిని పుట్టించుకొంటుంది. మొలక ఇంకా చిన్నదిగా ఉండగానే ఎండబెట్టి ఆపివేస్తే ఆ శక్తి గింజలో నిలిచి ఉంటుంది. మన తల్లులు మొలకగట్టిన రాగులను ఎండబెట్టి, దోరగా వేయించి, విసిరి, పసిపిల్లలకు జావ కాయడంలో ఉన్న రహస్యమంతా ఇదే. జర్మనులు ఆ గింజను దంచి, వేడినీటిలో ఊరబెట్టి, సుమారు 62 డిగ్రీల నుండి 72 డిగ్రీల వరకు మెట్లుమెట్లుగా వేడిని పెంచుతారు. ధర్మామీటరు లేని కాలంలో ఈ మెట్లను కనుగొన్న ఉపాయం నన్ను ఆశ్చర్యపరచినది. గంగాళంలోని ముద్దలో మూడవవంతు తీసి వేరుగా మరిగించి, తిరిగి గంగాళంలో పోస్తారు. మొత్తం ఒక మెట్టు వేడెక్కుతుంది. మరల తీస్తారు, మరల మరిగిస్తారు. వేడికి కొలత లేకపోయినా, నీరు మరగడం మాత్రం కంటికి కనబడుతుంది గదా! ఈ మరుగులో గింజ కొంత కమిలి, రొట్టె పైపెచ్చు వంటి రుచి పుడుతుంది. నేడు ధర్మామీటర్లున్నా, ఆ రుచి కొరకే కొందరు ఈ పాతపద్ధతిని విడువలేదు. మా అమ్మాయి పనిచేసే వృద్ధుడు విడువనివారిలో ఒకరు.

బీరు ఎందుకు నల్లనైనది అని ఆమెను అడిగినాను. ఎందుకు తెల్లనైనది అని అడగవలెనట. పూర్వం మాల్టును కట్టెలమంటపై ఎండబెట్టేవారు. మంట ఒక విధంగా ఉండదు. గింజ గోధుమరంగు దాటిపోయేది, పొగచూరేది. కనుక ఒకనాటి బీర్లు చాలావరకు ముదురురంగువే. పొగ తగలకుండా వేడిగాలితో లేతగా ఎండబెట్టే బట్టీలు ఇంగ్లండులో వృద్ధి పొందినవి. 1833లో మ్యూనిక్ నుండి సెడ్ల్‌మయ్యర్, వియన్నా నుండి డ్రేయర్ అనే యువకులిద్దరు ఆ దేశం వెళ్ళి అక్కడి మెలకువలను గ్రహించి వచ్చినారు. 1842లో బవేరియా నుండి వెళ్ళిన గ్రోల్ అనే నిపుణుడు బొహీమియాలోని పిల్జెన్ పట్టణంలో బంగారువన్నె లాగర్ తీసినాడు. అప్పటికి గాజుగ్లాసులు కూడ చౌక అవుతున్నవి. మట్టిముంతలో కనబడని వన్నె గాజులో కనబడినది. అంతటితో ప్రపంచమంతా పచ్చబీరు వెంట పోయినది. మన ఊళ్ళలో అమ్మే బీరు దాని దూరపు మనుమడే.

నీరు కూడా ఈ కథలో ఒక పాత్ర. పిల్జెన్ నీరు చాలా మృదువు. మ్యూనిక్ నీటిలో సున్నపుపాలు ఎక్కువ. అటువంటి నీటిలో లేతమాల్టును ఊరబెడితే గింజ పొట్టులోని వగరు దిగి బీరు మోటుగా వచ్చేది. ముదురుగా కాలిన మాల్టుకు స్వభావసిద్ధంగా కొంత పులుపు ఉన్నది. అది నీటి క్షారాన్ని విరిచివేస్తుంది. రసాయనశాస్త్రం ఈ మాట చెప్పడానికి ఎన్నో తరాల ముందే మ్యూనిక్ వారి నాలుక చెప్పినది. అందుచేత ఆ నగరం పెట్టినది పేరు ‘డుంకెల్’ అనే కపిలవర్ణపు బీరుకు. ఉత్తరాన థురింగియా, సాక్సనీ, ఈ ఫ్రాంకోనియా ప్రాంతాలలో అంతకంటె నల్లనిది కాస్తారు. దానికి ‘ష్వార్ట్స్‌బియర్’ అనగా నల్లబీరు అనియే పేరు. నా చేతికి వచ్చినది ఈ రెండవ జాతిది.

‘లాగర్’ అన్న మాటకు జర్మను భాషలో నిలువ అని అర్థం. రంగుతో దానికి సంబంధం లేదు. 1553లో బవేరియా ప్రభువు ఏప్రిల్ 23 నుండి సెప్టెంబరు 29 వరకు బీరు కాయరాదని శాసించినాడు. వేసవిలో కాచినది చెడిపోతుండేది. కనుక చలికాలంలో కాచి, గుట్టలలో తొలిచిన మాళిగలలో పీపాలకెత్తి, వేసవికి దాచుకొనేవారు. మాళిగలపైన నీడకొరకు చెస్ట్‌నట్ చెట్లు నాటినారు. ఆ నీడలో బల్లలు వేసినారు. వారి ఉద్యానపానశాలలకు మూలమిదే. ఈ చలిలో బ్రతుకగల ఈస్ట్ ఒకటి నెమ్మదిగా తక్కినవాటిని గెలిచినది. అది నురుగుతోపాటు పైకి తేలక, పని ముగించి అడుగుకు దిగుతుంది. అది రెండు జాతుల సంకరమని నేటివారు తేల్చినారు. ఒకటి రొట్టెలను పులియబెట్టే మామూలు ఈస్ట్. చలికి ఓర్చే రెండవదానిని 2011లో దక్షిణ అమెరికా కొసన పటగోనియా అడవులలో గుర్తించినారు. తరువాత అది టిబెట్టులోనూ కనబడినది. 1870 తరువాత లిండే అనే ఆచార్యుడు మ్యూనిక్‌లోని ఒక బ్రూవరీ కొరకు శీతలయంత్రం నిర్మించాడు. దానితో శాసనాలకూ గుట్టలకూ పని లేకపోయినది. మన వంటింటి ఫ్రిజ్‌కు పూర్వులలో ఒకటి బీరుకొట్టులో పుట్టినదని మా ఆవిడకు చెప్పితే, ఆమె కొంతసేపు మాట్లాడలేదు.

బార్లీ, హాప్స్, నీరు. ఈ మూడు తప్ప బీరులో వేయరాదని 1516లో బవేరియా ప్రభువులు ఇంగోల్‌స్టాట్ పట్నంలో చేసిన శాసనం ప్రసిద్ధం. బాంబెర్గ్ వారు తమ బిషప్పు 1489లోనే ఈ మాట అన్నాడని పట్టుబట్టి చెప్పుకొంటారు. హాప్స్ అంటే ఒక తీగకు పూచే ఆకుపచ్చని పూలు; చేదు వాటిది, వాసన వాటిది. గంజాయి కుటుంబపు మొక్క, మత్తు మాత్రం లేదు. ఈస్ట్ పేరు ఆ శాసనాలలో లేదు. అటువంటి జీవి ఒకటున్నదని ఆనాటివారికి తెలియదు.

ఇక్కడ నా వృత్తి నన్ను ఊరుకోనివ్వదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండవ అధికరణంలో సురాధ్యక్షుడనే అధికారి విధులు ఉన్నవి. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు తెగలను ఆయన లెక్కించినాడు. వీనిని పులియబెట్టే తోడుకు ‘కిణ్వం’ అని పేరు. నేటి మన పాఠ్యపుస్తకాలలోని ‘కిణ్వప్రక్రియ’ అనే మాట అక్కడినుండి వచ్చినదే. ఆ కిణ్వానికి కౌటిల్యుడు చెప్పిన ముఖ్యద్రవ్యాలు మినుముల ముద్ద, బియ్యం. మన ఇడ్లీ పిండి! ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి చేతిలో పని ఆపి నన్ను చూచినది. చదువురీత్యా తండ్రికీ కూతురుకూ మధ్య అంతకాలానికి దొరికిన మొదటి వంతెన అది. అయితే మద్యంమీద రాజ్యం పెత్తనం వహించి రాబడి తీసే విద్య కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నదని, వారుణి వాహినికి తాత అక్కడే కూర్చున్నాడని నేను చెప్పకుండా ఉండలేకపోయినాను.

ఆ ప్రాంతంలో, ఎగువ ఫ్రాంకోనియాలో, చిన్న బ్రూవరీలు చాలా ఉన్నవి. ఔఫ్‌జెస్ అనే ఊరిలో 1500 మంది లోపు జనానికి 4 ఉన్నవి. సాయంకాలం వృద్ధులు సతీసమేతంగా వచ్చి, ఒకటో రెండో మట్టిముంతలు త్రాగి, చీటిమీద గీతలు లెక్కపెట్టి డబ్బు ఇచ్చి, మెల్లగా ఇండ్లకు పోతారు. నేను చూచినంతలో ఎవరూ గాజులు లాగుకొనలేదు. కాని నేను చూచినది పది రోజులు. తలుపుల వెనుకవి నాకు కనబడవు. ఆ దేశంలోనూ త్రాగుడుతో చెడినవారికి చికిత్సాలయాలు ఉన్నవి. మా అమ్మాయియే చెప్పినది. ఆమె మంచిచెడ్డలు దాచే పిల్ల కాదు.

మాళిగలో చలి సున్నకు కొంచెం పైన. ఉక్కుపీపాలో ఎనిమిది వారాలుగా నిలువ ఉన్న నల్లబీరు. దానిని కాచడంలో తొలిసారి ఆమె మాటే తుదిమాటగా యజమాని ఒప్పుకొన్నాడట. పీపాకున్న చిన్న కుళాయినుండి గ్లాసులోకి పట్టినది. “తాగకపోయినా నేనేమీ అనుకోను నాన్నా. అవ్వ ఉంటే మిమ్మల్ని అడిగేదాన్నే కాదు” అన్నది. మా అత్తను ఆమె అవ్వ అనేది. ఆ చెవిటి చెవి కథ ఆమెకు తెలుసు.

నేను తర్కం వెదకకపోలేదు. నేను ముట్టనన్నది సారా, ఇది బీరు, సారాలో మద్యసారం ఎంత, దీనిలో నూటికి అయిదుపాళ్ళు. శబ్దార్థచర్చ నా జీవనోపాధి; ఇటువంటి వాదాలు గంటకు పది అల్లగలను. కాని పలకమీద ఆ రెండక్షరాలు వ్రాసినప్పుడు మా అత్త ఉద్దేశించినది ఏదో నాకు తెలుసు. ఆమె నిఘంటువులో ఈ విభాగాలు లేవు. మా ఆవిడ ఆపిల్ రసం గ్లాసు పట్టుకొని గోడవారగా నిలబడి ఉన్నది. “పిల్ల వండింది. తండ్రి రుచి చూడకపోతే వంకలెవరు చెప్తారు?” అన్నది. పదేళ్ళప్పుడు ఆ పిల్ల తొలిసారి పులుసు పెట్టిననాడు కూడా ఆమె ఇదే మాట అన్నది. నేను మాట తప్పినాను. అది మాట తప్పడం కాదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ముందు వాసన. కందెన రాసిన మూకుడులో దిబ్బరొట్టె కాలుతున్నప్పుడు అడుగు చెక్కు కట్టే వాసన. దాని వెనుక వేయించిన రాగిపిండి. నురుగు తెలుపు కాదు, మీగడ కాగిన రంగు. రంగు చూచి నేను కషాయానికో పానకానికో సిద్ధపడినాను. రెండూ కాదు. నోటిలో అది ఆశ్చర్యకరంగా పలుచన. తీపి వస్తున్నట్లే వచ్చి నిలబడక పోయినది. చేదు మొదట లేదు. మింగిన తరువాత నాలుక మొదట్లో, పోపులో వేగిన మెంతిగింజ కొరికినట్లు, సన్నగా తేలినది. రెండవ గుక్కలో చేదూ కమ్మదనమూ కలిసినవి. నల్లనివన్నీ బరువైనవనుకోవడం కంటి భ్రమ. మూడవ గుక్కలో, అన్నిటికీ చివర, మరొకటి తగిలినది. అది చేదు కాదు, వగరు కాదు. పులుసు అడుగంటబోయి, గరిటె తగిలి తప్పించుకొన్నప్పుడు మిగిలే రుచి.

“కొంచెం మాడు తగులుతున్నదమ్మా” అన్నాను.

మా అమ్మాయి వెంటనే యజమానివైపు తిరిగినది. ఆయన ఏమన్నానని అడిగినాడు. ఆమె జర్మనులో చెప్పబోయి ఆగినది. ‘మాడు’కు ఆమెకు మాట దొరకలేదు. గిన్నె, పులుసు, గరిటె అన్నీ చేతులతో చూపి వివరించినది. వృద్ధుడు పెద్దగా నవ్వి బల్లమీద అరచేత్తో చరచినాడు. సంగతి తరువాత తెలిసినది. పొట్టు తీసి నల్లగా వేయించిన మాల్టు ఆమె నూటికి 4 పాళ్ళు వేసినది. 3 చాలునని ఆయన మొదటినుండి అంటున్నాడు. ఈ విషయమై ఇద్దరికీ రెండు నెలలుగా మాటల పట్టింపు. ఎవరి పక్షమూ తెలియని నాలుక ఒకటి కావలసి వచ్చినది. ఓడినందుకు మా అమ్మాయి ముఖంలో విచారం కనబడలేదు. ఆమె సంచిలోనుండి నోటుపుస్తకం తీసినది. అందులో గళ్ళు గీసి ఉన్నవి: రంగు, నురుగు, వాసన, చేదు, ముగింపు. అన్నిటా జర్మను మాటలు. చివరి గడిలో తెలుగు లిపిలో ‘మాడు’ అని వ్రాసి, దానిక్రింద ‘3’ వేసి గుండ్రంగా చుట్టినది.

గ్లాసులో సగం మిగిలినది. నాకు ఇక వద్దన్నాను. వృద్ధుడు ఏమీ అనక, దానిని అందుకొని, వాకిటిలో నిలబడి తాను త్రాగినాడు. మూడుపాళ్ళ బీరు కాచి, నిలువపెట్టి, కుళాయికి వచ్చేసరికి ఆగస్టు అవుతుంది; అప్పటికి మా కాలేజీ తెరిచి చాలా రోజులవుతుంది. రుచి ఎట్లా ఉన్నదో ఉత్తరం వ్రాస్తానన్నది. మళ్ళీ వచ్చి చూడమని ఆమె అడగలేదు. వస్తానని నేనూ అనలేదు. అయిదున్నర బస్సు తప్పితే మరల ఏడు వరకు లేదని మా ఆవిడ తొందరపెట్టగా, కోటు గుండీలు పెట్టుకొంటూ మెట్లెక్కినాము.